బెల్లు మోగేలోపు

"ముందు ఆ కిటికీలు మూయండి. ఈ గోలలో నా మాట నాకే వినపడట్లేదు," అన్నారు కరస్పాండెంట్ గారు.

లెక్కల మాస్టారు లేచి స్టాఫ్ రూము కిటికీలు రెండూ బిగించారు. మైదానంలోని ఇంటర్వెల్ సందడి ఒక్కసారిగా ఎక్కడికో వెళ్ళిపోయింది.

"ఊఁ, చెప్పండి మేడమ్. బెల్లు మోగేలోపు తేల్చేద్దాం."

హెడ్ మిస్ట్రెస్ గొంతు సవరించుకుంది. "ఇంటర్వెల్ పది నిమిషాలు చాలట్లేదండీ. ఇరవై చేద్దాం. ఉన్నవి నాలుగే కుళాయిలు. పెద్దపిల్లలు తాగి తప్పుకునేసరికి బెల్లు కొట్టేస్తున్నారు. నిన్న ఒకటో తరగతి పాప ఖాళీ సీసా పట్టుకుని క్లాసుకొచ్చింది. ఆట సంగతి దేవుడెరుగు, గుక్కెడు నీళ్ళకే దిక్కులేదు."

టైమ్ టేబుల్ రేపు అచ్చుకు వెళ్ళిపోతుంది. ఇవాళ కాదన్నారంటే మళ్ళీ ఏడాది దాకా ఆ ఊసెత్తడానికి లేదు. అయినా ఆమెకు ధైర్యంగానే ఉంది. డ్రిల్లు మాస్టారున్నారు కదా. పిల్లల్ని ఇంకాసేపు ఆడుకోనివ్వండని పదేళ్ళుగా అడుగుతున్నది ఆయనే. భార్య పోయాక రోజుకు నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి. ఆ నాలుగూ ఇవే.

ఆయన కాస్త ఆలస్యంగా వచ్చి, ప్యాంటు జేబులో చెయ్యి పెట్టుకుని తలుపు పక్కన నిలబడ్డారు.

"కూర్చోండి మాస్టారూ."

"వద్దు మేడమ్. మోకాలు పట్టేస్తోంది. కూర్చుంటే లేవలేను."

"ఇరవై నిమిషాలు వదిలేస్తే గోడలెక్కుతారండీ," అన్నారు కరస్పాండెంట్. "తలలు పగలగొట్టుకుంటారు. తిరిగి క్లాసుల్లోకి తోలాలంటే మన తాతలు దిగిరావాలి. ఏం డ్రిల్లు మాస్టారూ, మీరేమంటారు?"

హెడ్ మిస్ట్రెస్ ధీమాగా ఆయన వైపు చూసింది.

"సార్ చెప్పిందే నిజం. ఆ మాటకొస్తే పది కూడా ఎక్కువే," అన్నారాయన.

నాలుగు మాటలకు మించని మనిషికి ఇవాళ నోట మాట ఆగలేదు. ఎండ, దుమ్ము, తెగే చెప్పులు, ఊడే బొత్తాలు ఒక్కొక్కటే ఎత్తుకుని, సాగదీసి, మళ్ళీ మొదటికొచ్చి చెప్పుకుంటూ పోయారు. చిన్నప్పుడు పరిగెత్తబోయి తను పన్ను విరగ్గొట్టుకున్న వైనం కూడా వదల్లేదు. కరస్పాండెంట్ గారు మురిసిపోయి అందరికీ రెండోసారి టీ పోయించారు.

తలుపు సందులోంచి ప్యూను తాత తల దూర్చాడు. "అమ్మా, ఒక్క మాట..."

"మీటింగులో ఉన్నాం కదయ్యా. ఏదైనా బెల్లు కొట్టాక చెప్పు," అన్నారు కరస్పాండెంట్.

"అదేనండీ, ఆ బెల్లే..."

"కాగితాలు ఎగిరిపోతున్నాయి తాతా," అంటూ డ్రిల్లు మాస్టారు తలుపు మెల్లగా మూసి, దానికే చేరబడ్డారు.

ఆ బడిలో వాచీ చూసుకునే అలవాటు ఎవరికీ లేదు. బెల్లు కొడితే లేస్తారు, బెల్లు కొడితే కూర్చుంటారు.

"చూశారా మేడమ్," అన్నారు కరస్పాండెంట్ ఖాళీ కప్పు పక్కన పెడుతూ. "ఇంత మాట్లాడుకున్నాం, రెండేసి కప్పులు తాగాం, ఇంకా బెల్లే కాలేదు. పది నిమిషాలంటే తక్కువనుకున్నారా?"

"చాంతాడంత," అన్నారు డ్రిల్లు మాస్టారు.

ఇరవైకి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమంటే ఆమె చెయ్యి ఒక్కటే లేచింది. ఆ చేతిని దించి, కళ్ళజోడు తుడుచుకుంటూ ఆమే ముందు తలుపు తీసింది.

మైదానంలో ఒక్క పురుగు లేదు.

"పిల్లలేరీ?" కరస్పాండెంట్ గారు కేకేశారు.

అందరూ వరండా వెంట పరుగెత్తారు. పిల్లలు క్లాసుల్లోనే ఉన్నారు. ముఖాలు కడుక్కుని, బెంచీల మీద బుద్ధిగా కూర్చుని, ఎవరి పుస్తకం వాళ్ళు తెరుచుకుని ఉన్నారు. ఒకటో తరగతి పాప సీసా నిండుగా ఉంది.

"బెల్లు కొట్టలేదు కదమ్మా, ఎందుకొచ్చేశారు?" అంది హెడ్ మిస్ట్రెస్.

"ఆట అయిపోయింది టీచర్," అంది పాప.

కరస్పాండెంట్ గారు అప్పుడు చూసుకున్నారు వాచీ. నలభై నిమిషాలు దాటింది. ప్యూను తాత మీద విరుచుకుపడ్డారు.

"బెల్లెందుకు కొట్టలేదు?"

"సుత్తి కనపడట్లేదండీ. మీ నాన్నగారి పేరున ఇచ్చిన ఇత్తడి బెల్లు కదా, ఆ చెక్క సుత్తితో తప్ప దేనితో కొట్టినా ఊరుకోనని మీరే అన్నారు. ఆ సంగతి చెబుదామనే వచ్చాను."

"కాకెత్తుకుపోయిందా సుత్తిని?"

"ఏమోనండీ. ఇంటర్వెల్ బెల్లు కొట్టి నా చేత్తోనే మేకుకు తగిలించాను."

కరస్పాండెంట్ గారు కాసేపు గోడల వంక చూశారు. గోడలు నిక్షేపంగా ఉన్నాయి. ఒక్క తలా పగల్లేదు. చివరికి పాప సీసా వంక చూసి మెత్తబడ్డారు.

"సరే, ఇరవై వేయించండి మేడమ్. నా మనసులో ముందునుంచీ అదే ఉంది," అని కారెక్కి వెళ్ళిపోయారు.

హెడ్ మిస్ట్రెస్ స్టాఫ్ రూముకు తిరిగొచ్చేసరికి డ్రిల్లు మాస్టారు ఒక్కరే ఉన్నారు, ఇంకా నిలబడే.

"మీరు ఇంత పని చేస్తారనుకోలేదు మాస్టారూ," అంది ఆమె నిష్ఠూరంగా. "పిల్లల అదృష్టం బాగుండి ఆ సుత్తి పోయింది గానీ, మిమ్మల్ని నమ్ముకుంటే నట్టేట మునిగేదాన్ని. సర్లెండి, అంతసేపు నిలబడ్డారు. ఇప్పుడైనా కూర్చోండి."

ఆయన జేబులోంచి చెక్క సుత్తి తీసి బల్ల మీద పెట్టి, హాయిగా కూర్చున్నారు.