ఒకే ఒక్క చప్పట

"ఆయన్ని కాస్త వెనక్కి జరగమను, అక్కా," అన్నాడు తమ్ముడు.

"నేను సరిగ్గానే ఉన్నాను. వాణ్ణే జరగమను," అన్నాడు అన్న.

ఇద్దరి మధ్యా జానెడు దూరం. ఒకే మైకు. అంత దగ్గరగా ఎదురెదురుగా నిలబడి కూడా, ఒక మాట అనుకోవాలంటే రికార్డింగు గది అద్దం అవతల ఉన్న అక్కను పిలవాల్సిందే!

అక్క డ్రమ్స్, అన్న గిటారు, తమ్ముడు పైస్థాయి గొంతు. ఒకప్పుడు వీళ్ళ ముగ్గురిదీ ఒక పవర్ పాప్ బ్యాండు. పవర్ పాప్ అంటే మరేం లేదు. గిటార్లు దడదడలాడాలి, బాణీ తియ్యగా ఉండాలి, మూడు నిమిషాల్లో తేల్చెయ్యాలి, విన్నవాడు వారం రోజులు అదే కూనిరాగం తియ్యాలి. వీళ్ళ మొదటి పాట అలాగే ఊపేసింది. ఏ రేడియో పెట్టినా అదే.

రెండో పాట మాత్రం రాలేదు. మొదటిది రికార్డు చేసిన సాయంత్రమే అన్నదమ్ములు విడిపోయారు. ఎందుకో ఇద్దరూ నోరు విప్పలేదు.

తర్వాత్తర్వాత పవర్ పాప్‌లో పేరు మోసిన బ్యాండ్లన్నీ కచేరీల్లో ఆ పాట వాయించాయి. ఎవరికైనా అన్నీ కుదిరేవి, ఒక్కటి తప్ప. పల్లవి ఎత్తుకునే ముందు వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. అప్పుడు ఫట్‌మని ఒక చప్పట. ఒకే ఒక్కటి. అదెవరికీ రాలేదు.

ఇరవై ఏళ్ళ తర్వాత ఒక కొత్త కంపెనీ అదే పాటను అదే ముగ్గురితో మళ్ళీ చేయిస్తానంది. అక్క ఇద్దరి ఇళ్ళకీ వెళ్ళి, బతిమాలి, బెదిరించి, చివరికి ఏడ్చి లాక్కొచ్చింది. పాట పూర్తయితే ముగ్గురూ కలిసి ఊరూరా తిరిగి పాడతారు. కాకపోతే తమ్ముళ్ళిద్దరూ చెరో కారెక్కి వెళ్ళిపోతారు, మళ్ళీ తన చావుకే కలుస్తారు. ఆమె భయమంతా అదే.

"సాయంత్రం ఐదింటి దాకా చూస్తానండీ," అన్నాడు కంపెనీ తరఫున కోటు వేసుకుని వచ్చినాయన. "అప్పటికీ కాకపోతే పాటని ఎవరైనా కుర్ర బ్యాండుకి ఇచ్చేస్తాం. ఏమనుకోవద్దు."

గిటారు కుదిరింది. డ్రమ్స్ కుదిరాయి. గొంతులు కాస్త ముదిరాయిగానీ కలిశాయి.

"పల్లవిలో మీ గొంతు వణకాలి సార్," అన్నాడు కోటాయన తమ్ముడితో. "ఆ వణుక్కే జనం పడిపోయారు. ఇప్పుడేమో పాఠం అప్పజెప్పినట్టుంది."

"అప్పుడంటే చిన్నవాణ్ణి. ఇప్పుడు రాదు," అన్నాడు తమ్ముడు పొడిగా.

"చిన్నప్పుడు వీడివన్నీ కోతి వేషాలే," అంది అక్క, గాలి కాస్త తేలికవుతుందని. "పాడమంటే కిసుక్కున నవ్వేవాడు. ఎన్ని టేకులు తగలేశాడో!"

ఎవరూ నవ్వలేదు. అన్న కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఇక మిగిలింది చప్పట. రికార్డింగు ఇంజనీరమ్మ కొట్టింది. రాలేదు. అక్క కొట్టింది. రాలేదు. చేతులు తడిపి కొట్టారు. చెక్కలు కొట్టారు. బెల్టు మడిచి లాగారు. విసుగెత్తి కోటాయన తన బట్టతల మీద తనే ఒకటి చరుచుకున్నాడు. చోద్యం, అదే కాస్త దగ్గరగా వచ్చింది!

"పాత రికార్డులోంచి ఎత్తి పెట్టేద్దామా?" అన్నాడు తల రుద్దుకుంటూ.

"కుదరదండీ," అంది ఇంజనీరమ్మ. "ఇద్దరి గొంతులూ ఆ క్లాపూ ఒకే మైకులో పడ్డాయి. విడదీయలేం." అన్నదమ్ముల వైపు తిరిగింది. "అసలు ఆ రోజు క్లాప్ కొట్టిందెవరండీ? వాళ్ళనే పిలిపిస్తే పోలా?"

అన్న గిటారు తీగలు బిగించడం మొదలుపెట్టాడు.

"గుర్తు లేదు," అన్నాడు అన్న, మరీ తొందరగా.

తమ్ముడు స్టూలు మీద కూర్చుని, చెంపకు చెయ్యి చేర్చి, నేలకేసి చూస్తున్నాడు. ఇంజనీరమ్మ అక్క వైపు చూసింది. అక్క తల దించుకుంది.

నాలుగున్నర దాటింది. కోటాయన ఫోను తీశాడు. కుర్ర బ్యాండు వాళ్ళకే అయ్యుంటుంది. అక్క గబుక్కున మాట్లాడే మీట నొక్కింది.

"ఒరేయ్, మీకు దణ్ణం పెడతాన్రా. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యండి. ఈ గుమ్మం దాటారంటే మళ్ళీ మిమ్మల్నిద్దర్నీ ఒకచోట చూస్తానో లేదో!"

అన్న గిటారు తీసి పెట్టెలో సర్దేశాడు. ఎంత నొక్కినా పెట్టె గొళ్ళెం పడలేదు.

"వదిలెయ్ అక్కా. అది మళ్ళీ రాదు. రాకూడదు కూడా. వాణ్ణి ఇంటికెళ్ళమను."

తలుపు దాకా నడిచాడు. పిడి మీద చెయ్యి వేశాడు. కోటాయన ఫోనులో "హలో" అన్నాడు. అక్క కళ్ళు మూసుకుంది.

అప్పుడు తమ్ముడు లేచి, కళ్ళజోడు తీసి స్టూలు మీద పెట్టి, మైకు ముందు ఎడమ చెంప తిప్పి నిలబడి, ఇరవై ఏళ్ళలో మొదటిసారి మధ్యలో అక్క లేకుండా అన్నాడు: "రా అన్నయ్యా, కొట్టు... ఆ రోజు కొట్టినంత గట్టిగానే."