డెబ్భయ్యో అంతస్తులో వాయనం

ఆ టవర్లో ఏ ఇంటి లిఫ్టు ఆ ఇంటిదే. సరుకులు వంటింటి గోడలోని గూటికే వచ్చిపడతాయి. అందుకే కాపురానికి వచ్చి మూడేళ్ళయినా రత్నమాంబ పక్కింటివాళ్ళ మొహం చూడలేదు.

శ్రావణ శుక్రవారం పూజయ్యాక తాంబూలం, నానబోసిన శనగలు పళ్ళెంలో సర్దింది.

"గూట్లో పెట్టెయ్యి, పక్కింటికి అదే పోతుంది," అన్నాడు భర్త పట్టాభి.

"వాయనం ముత్తైదువ చేతికివ్వాలండీ. గూటికి బొట్టు పెట్టమంటారా?"

మెట్ల తలుపులు నిప్పంటుకుంటే తప్ప తెరుచుకోవు. రత్నమాంబ కుర్చీ ఎక్కి, గుప్పెడు హారతి కర్పూరం వెలిగించి, పైకప్పుకున్న పొగ గంట కింద పట్టింది.

"కేసు పెడతారే," అన్నాడు పట్టాభి. కుర్చీ మాత్రం కదలకుండా పట్టుకున్నాడు.

గంట మోగింది. ఆ అంతస్తు తలుపులన్నీ తెరుచుకున్నాయి. చంకలో చంటివాడితో ఒకావిడ, లుంగీలో ఒక పెద్దాయన మెట్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. అక్కడ పళ్ళెంతో రత్నమాంబ నిలబడి ఉంది.

"నిప్పేం లేదమ్మా. ఇలా రా, బొట్టు పెడతాను. ఇస్తినమ్మ వాయనం."

ఆవిడ తెల్లబోయింది. "నేనేమనాలండీ?"

"పుచ్చుకుంటినమ్మ వాయనం అనాలి. రెండు చేతులూ పట్టు."

ఆవిడ చంటివాణ్ణి ముక్కూమొహం తెలియని పెద్దాయన చేతుల్లో పెట్టి, వాయనం పుచ్చుకుంది.

పొగ పోయింది, లోపలికి వెళ్ళండని గోడలోంచి గొంతు చెప్పింది. మళ్ళీ చెప్పింది. శనగలు నములుతూ ఎవరూ కదల్లేదు.

చంటివాడి తల్లి మెల్లగా అడిగింది: "వచ్చే శుక్రవారం మా ఇంట్లో వెలిగిస్తాను. కర్పూరం ఎంత పడుతుందండీ?"