మొదటి పదహారు అక్షరాలు

ఆశ్రమం పిల్లల వివరాలున్న పాత ఫైలు ఏ రకమో కనుక్కోవాలి. తెరవాలి. పాపను పెంచుకోవడానికి ఏ ఊరివాళ్లు తీసుకెళ్లారో వెతకాలి. జబ్బునపడి పాపను ఈ ఆశ్రమంలో వదిలిన తల్లి పక్కనే నిలబడి ఉంది, ఆమెకు చెప్పాలి.

ఫైలు పేరు చివర రకం చెప్పే తోక లేదు. మొదటి పదహారు అక్షరాలు చదివి రకం చెప్పే కోడు రాశాను.

"దొరికిందమ్మా! డేటాబేసే."

"నీ నోట్లో పంచదార పొయ్య! ఊరు చెప్పు నాయనా," అంది తల్లి.

ఫైలు తెరుచుకోలేదు. తల, అంటే ఆ మొదటి పదహారు అక్షరాలు, ఒక్కటే బాగుంది, తక్కినదంతా చితికిపోయింది.

"దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"నేనే బాబూ," అంది కొత్త వార్డెనమ్మ మురిపెంగా. "నీకు సాయంగా ఉంటుందని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. అన్నీ పిచ్చిగీతలే. అవి కూడా పోతాయేమోనని సేవ్ చేసి పెట్టాను."

నోట్‌ప్యాడ్ తనకు అర్థంకాని గుర్తులన్నీ మార్చి రాసేసింది. ఆ సేవ్‌తోనే పోయిందని ఏ నోటితో చెప్పను?

"ఇంకో కాపీ ఉందా?"

"పాత కంప్యూటరు తుక్కులో వేసేశాంగా."

తల్లి నా భుజం పట్టుకుంది. "రకం తెలిసిందన్నావుగా? ఇంకొంచెం చదువు నాయనా. చదువుకున్నవాడివి."

కోడు మళ్లీ నడిపాను. మళ్లీ అదే జవాబు.

చదివేవారికి ఒక్క మనవి. ఈ తల్లి చెప్పిన పాప గుర్తు ఎడమ చెవి వెనక కాలిన మచ్చ. అలాంటి అమ్మాయి ఎక్కడైనా కనబడితే, ఈ తల్లిని గుర్తుపెట్టుకోండి.