పోల్చడానికి ఇచ్చిన పాలు

"సీసాలు తారుమారయ్యాయేమో భార్గవా, మళ్లీ చూడు!" అంది ప్రొఫెసర్ ఉషశ్రీ ఫోన్లో.

"ల్యాబ్‌లో మూడుసార్లు చూశా మేడం. మిరపచేలల్లో కూలికెళ్లే తల్లుల పాలకంటే, పోల్చడానికని మీరిచ్చిన మంచి పాలలోనే పురుగుమందు ఎక్కువుంది. ఆవిడెవరండీ?"

ఉషశ్రీ ఫోన్ పెట్టేసింది. భార్గవ అడిగిన ఆవిడ తన ఎదురుగానే మంచమ్మీద కూర్చుని పసివాడికి పాలిస్తోంది. చేను మొహం ఎరగని తల్లి కావాలని, నందిగామలో తమ్ముడి భార్య యశస్విని పాలే పట్టుకెళ్లింది తను.

మేడమీద కాపురం, కింద తమ్ముడి పురుగుమందుల కొట్టు. నాన్న పెట్టిన కొట్టే. విషాల మీద పాఠాలు చెప్పే ఉషశ్రీకి ఆ ఘాటు ఏనాడూ విషమనిపించలేదు. అది పుట్టింటి వాసన.

"నా పాల గురించేనా వదినా ఫోను? బాగున్నాయంటగా?"

"తమ్ముణ్ణి పైకి పిలువు. ఇవాళే వేరే ఇంటికి మారిపోవాలి మీరు."

యశస్వినికి అర్థమైంది. బిడ్డను చటుక్కున రొమ్ము నుంచి లాగేసింది. వాడు గుక్కపట్టాడు.

"ఇవ్వనా, మాననా? చెప్పు వదినా!"

జవాబు ఉషశ్రీకి కంఠతా వచ్చు. "మాన్పించొద్దమ్మా, ఎలా ఉన్నా తల్లిపాలే మేలు" అని జగ్గయ్యపేట చేలగట్ల మీద ఎందరు తల్లులకో చెప్పి, వెంటనే కారెక్కేది.

"ఇవ్వమ్మా. మాన్పించొద్దు," అంది ఇప్పుడూ.

యశస్విని ఏడుస్తూనే బిడ్డను హత్తుకుంది.

ఈసారి ఉషశ్రీకి ఎక్కడానికి కారు లేదు. బిడ్డ మింగే ప్రతి గుటకా వింటూ నిలబడిపోయింది.