ఇవాళ ఏం కూరండీ?

సువర్ణ క్యారేజీ మూత తియ్యగానే పక్క బెంచీ మీది ముసలాయన ఇటు జరిగాడు.

"ఇవాళ ఏం కూరండీ?"

"కొరమీను పులుసండీ," అంది ముక్తసరిగా.

ఆయన కళ్లు మూసుకుని గట్టిగా వాసన పీల్చాడు. సువర్ణకి ఒళ్లు మండిపోయింది.

ఏలూరు ఆసుపత్రిలో రేడియేషన్ గది బయట రోజూ ఇదే వరస. ఆమె భర్త జగ్గారావుకి గొంతు క్యాన్సర్. రేడియేషన్ కరెంటు పెట్టించడానికి కొల్లేటి లంక నుంచి బస్సులో తీసుకొస్తోంది. మనిషి చిక్కిపోతే వైద్యం ఆపాల్సొస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. ఆపితే ఇక మనిషి దక్కడు. అందుకే చీకటితో లేచి, ఆయనకి ఇష్టమైనవన్నీ వండి తెస్తోంది.

"అంత కారం వద్దమ్మా, మజ్జిగన్నం మెత్తగా పిసికి పెట్టండి," అన్నాడు ముసలాయన బొంగురు గొంతుతో. "గోరువెచ్చటి నీళ్లలో చిటికెడు ఉప్పు, చిటికెడు వంటసోడా వేసి మాటిమాటికీ పుక్కిలించమనండి. నోరు ఎండకముందే మొదలెట్టాలండీ."

"అలాగేలెండి," అని మూత బిగించేసింది.

బస్సెక్కాక మొగుడితో అంది. "ఎంత ఆబో చూశారా? చూపంతా మన తిండి మీదే. ఇహ మీకేం ఒంటబడుతుంది?"

"పోనీలేవే, పెద్దాయన."

ఆమె వింటేనా? ఇంటికెళ్లగానే గుప్పెడు ఉప్పు తీసి, మొగుడికి దిష్టి తీసి, పంటకాలవలో పోసొచ్చింది. పుక్కిలించమన్న ఉప్పు అలా నీళ్లపాలైంది.

మర్నాటినుంచి క్యారేజీ గోడవైపు తిరిగి విప్పేది. ముసలాయన అడగడం మానేశాడు.

వారాలు గడిచేసరికి జగ్గారావు నోట్లో తడారిపోయింది. ముద్ద పెడితే మింగుడు పడదు. మనిషి సగమయ్యాడు.

"ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నారా అండీ? మొదట్లోనే చెప్పాం కదా," అంది నర్సు జాస్మిన్.

"ఆ కంగారులో నా తలకెక్కలేదమ్మా."

"అప్పట్నుంచీ చేసుంటే ఇంత ఎండేది కాదేమో. ఇప్పటికైనా మొదలెట్టండి."

సువర్ణకి అప్పుడు గుర్తొచ్చింది. ముసలాయనా ఈ మాటే అన్నాడు. తన చేతులతో తనే మొగుడి నోరు కట్టేసినట్టయింది. ఆ సాయంత్రం నుంచే పుక్కిలింపచెయ్యడం మొదలెట్టింది. గంజి మాత్రం కాస్త దిగుతోంది. వైద్యం సాగుతుందో ఆగుతుందో డాక్టరు ఇంకా చెప్పలేదు.

మర్నాడు ముసలాయన కోసం వేరే గిన్నెలో పులుసన్నం కలిపి తెచ్చింది. బెంచీ ఖాళీగా ఉంది. ఇక్కడ కూర్చునే పెద్దాయన ఏరని నర్సుని అడిగింది.

"రూబెన్ గారా? మొన్న ఆదివారం పోయారండీ," అంది జాస్మిన్.

సువర్ణ గిన్నె ఒళ్లో పెట్టుకుని ఆ ఖాళీ బెంచీ మీద కూర్చుంది.

"పాపం, తిండంటే ప్రాణం పెట్టే మనిషి. ఒక్కపూటైనా ఇంత చేతిలో పెట్టలేకపోయానమ్మా."

జాస్మిన్ పక్కన కూర్చుంది.

"ఆయనకీ ఇక్కడే కరెంటు పెట్టారండీ. తనలా ఇంకొకరు కాకూడదని, పని లేకపోయినా వచ్చి కూర్చునేవారు. ఆయన నోటితో ఒక్క మెతుకు మింగి ఏళ్లయిందండీ, పొట్టకి పెట్టిన గొట్టంలోంచే గంజి పోసుకునేవారు."