అయిపోయిందంటే?

పొద్దున్నే టీమంతా నిలబడి మాట్లాడుకునే వేళ టీమ్ లీడ్ గోడ మీది బోర్డు దగ్గరకు వెళ్ళాడు. పసుపుపచ్చ కార్డొకటి పీకి, 'అయిపోయింది' అని రాసి ఉన్న చివరి గడిలో అంటించాడు.

"సిలిండరు రాకుండానే వచ్చేసినట్టు యాప్ చూపిస్తోందని ఎవరిదో ఫిర్యాదు. మన సర్వర్ చూశాను, బాగానే ఉంది. అయిపోయింది."

"అయిపోయిందంటే ఏమిటి బాబూ?"

అందరూ వెనక్కి తిరిగారు. కాసేపటి కిందట మేనేజరు తీసుకొచ్చి కూర్చోబెట్టిన పెద్దాయన. "మన పనితీరు చూడ్డానికి వచ్చారు, కొన్నాళ్ళు ఇక్కడే కూర్చుంటారు" అని తప్ప మేనేజరు ఇంకేమీ చెప్పలేదు.

"అయిపోయిందంటే... అయిపోయిందనే అండీ" అన్నాడు లీడ్.

టీమంతా గొల్లున నవ్వింది. పెద్దాయన నవ్వలేదు.

ఇళ్ళలో మంచం పట్టిన రోగులకు ఆక్సిజన్ సిలిండర్లు చేరవేసే కంపెనీ ఒకటుంది. దాని యాప్ రాసేది ఈ టీమే. ఆ కంపెనీ అప్పటికే గుర్రుగా ఉంది. ఇంకొక్క తప్పు జరిగితే పని వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని తేల్చి చెప్పింది. పని పోతే టీము పోతుంది, టీముతో పాటే లీడ్ కుర్చీ. అలాంటప్పుడు ఈయన ఊడిపడ్డాడు. ఎవరిని ఇంటికి పంపాలో చూసిపెట్టడానికి వచ్చిన కన్సల్టెంటే అనుకున్నాడు లీడ్.

ఆ కన్సల్టెంటుకు కంప్యూటర్లలో ఓనమాలు కూడా రావు. అడగడం మాత్రం బాగా వచ్చు. ఎవరు 'అయిపోయింది' అన్నా వదిలేవాడు కాదు.

"అయిపోయిందంటే?"

"కోడ్ రాసేశానండీ."

"పనిచేస్తోందా?"

"నా మెషీన్లో చేస్తోంది."

"మరి ఇంట్లోవాళ్ళ ఫోన్లో?"

జవాబు లేకపోయినా వెటకారానికేం తక్కువ? చాటుగా ఆయనకు 'అంటే గారు' అని పేరు పెట్టేశారు.

ఆయన ఒక్కోసారి జేబులోంచి పాత ఫోను తీసి, "దీంట్లో చూపించు తల్లీ" అని యాప్‌లో తప్పులు పట్టే టెస్టరమ్మాయికి ఇచ్చేవాడు. అందులో వాళ్ళ యాప్ అప్పటికే ఉంది. 'ముందే బాగా తయారై వచ్చాడే' అనుకున్నాడు లీడ్.

టెస్టరమ్మాయికి ఆయన జబ్బే అంటుకుంది. డ్రైవర్లకు ఫోన్ చేసి కనుక్కోనిదే ఏ కార్డునూ చివరి గడిలోకి పోనిచ్చేది కాదు. పని నత్తనడక పట్టింది. కొత్త వెర్షన్ ఇస్తామన్న గడువు దాటిపోయింది. లీడ్‌కు ఒళ్ళు మండిపోయింది.

"మీకు కోడ్ రాయడం వచ్చా అండీ?"

"రాదు బాబూ."

"మరి మాకెందుకు చెబుతున్నారు?"

"చెప్పడం లేదు. అడుగుతున్నాను."

లీడ్ తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళాడు. "ఆయనుంటారో నేనుంటానో తేల్చండి సార్!"

"సరే, నేనే చెప్పి పంపిస్తాను" అన్నాడు మేనేజరు.

సాయంత్రం పెద్దాయన సంచి భుజాన తగిలించుకుని అందరికీ వెళ్ళొస్తానని చెప్పాడు. పోతూ పోతూ బోర్డు దగ్గర ఆగాడు. ఆ పసుపుపచ్చ కార్డును చివరి గడిలోంచి తీసి, 'జరుగుతోంది' అని రాసి ఉన్న మధ్య గడిలో పెట్టాడు. జిగురు ఎండిపోయి అది నిలవలేదు. అరచేత్తో కాసేపు నొక్కి పట్టుకున్నాడు.

"ఇది ఇంకా అవలేదు బాబూ."

వెళ్ళిపోయే మనిషితో గొడవెందుకని లీడ్ ఊరుకున్నాడు.

మర్నాడు ఆ కార్డు టెస్టరమ్మాయి కంటపడింది. సిలిండర్ల గోడౌనుకు వెళ్ళి, డ్రైవరు పక్కన బండిలో కూర్చుని మరీ చూసింది. మధ్యాహ్నానికి ఆఫీసుకు పరుగెత్తుకొచ్చింది.

"సార్, డ్రైవరు సిలిండరు బండికెక్కించి, 'అయిపోయింది' అన్న బటన్ నొక్కుతున్నాడు. వెంటనే ఇంట్లోవాళ్ళకి 'డెలివరీ అయిపోయింది' అని మెసేజ్ పోతోంది. బండి ఇంకా గోడౌన్లోనే ఉంటోంది! దారిలో బండి చెడిపోయిందనుకోండి, ఇంట్లోవాళ్ళు ఎంత మొత్తుకున్నా కాల్ సెంటర్ వాళ్ళు ఇంకోటి పంపరు. వాళ్ళకీ అయిపోయిందనే కనిపిస్తుంది కదా!"

ఆ బటన్ పెట్టింది లీడే. ఎక్కించడం అయిపోయిందని తన ఉద్దేశం. ఏది అయిపోయిందో రాయలేదు.

తప్పు దిద్దారు. కంపెనీ మెత్తబడి పని వాళ్ళకే ఉంచింది. లీడ్ కుర్చీ నిలబడింది కానీ, ఆ కుర్చీలో కూర్చోవాలంటే అతనికి సిగ్గేసింది. మళ్ళీ మేనేజరు గదికి వెళ్ళాడు.

"ఆయన్ని పిలిపించండి సార్. క్షమాపణ అడుగుతాను. ఏ కన్సల్టింగ్ కంపెనీ ఆయనది?"

"కంపెనీ ఏమిటయ్యా! మన మీద కోర్టుకు వెళ్ళాల్సిన మనిషి. కేసూ గీసూ వద్దు, ఆ యాప్ రాసే పిల్లల పక్కన కొన్నాళ్ళు కూర్చోనివ్వండి చాలన్నారు. తప్పు డ్రైవరుదని మేమందరం అనుకున్నాం, ఆయనొక్కరే నమ్మలేదు. తానెవరో తెలిస్తే మీరు జాలిపడతారే తప్ప జవాబు చెప్పరని, చెప్పొద్దన్నారు."

"ఒకసారి ఫోన్ చేయండి సార్."

"చేశాను, ఎత్తలేదు. ఇంటికి మనిషిని పంపాను. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఎక్కడికో ఎవరికీ తెలీదు."

"ఇంతకీ ఎవరు సార్ ఆయన?"

మేనేజరు గది అద్దంలోంచి బోర్డు వైపు చూశాడు.

"ఆ పసుపుపచ్చ కార్డు మీది ఫిర్యాదు ఆయనదేనయ్యా, వాళ్ళావిడ కోసం అడిగిన సిలిండరు గుమ్మంలోకి వచ్చేసరికి అంతా అయిపోయింది."