మనిషి పడుకున్న గడ్డి

చూడి మేక గడ్డిని ఒకసారి వాసన చూసి మూతి తిప్పుకుంది.

దాన్ని చూసి మిగతా మేకలూ వెనక్కి తగ్గాయి.

"కొత్తల్లుడి వేషాలు వేస్తున్నాయి," అంది అత్త, నడుం మీద చెయ్యి పెట్టుకుని.

కోడలు చూడి మేక నోరు తెరిచి చూసింది. పళ్లు బాగానే ఉన్నాయి. నాలుక మీద పుండు లేదు. పొట్టకు చెవి ఆనించింది. లోపల గుడగుడమంటూనే ఉంది.

"రోగమేం లేదత్తయ్యా. గడ్డే నచ్చట్లేదు."

"నచ్చకపోతే? ఎండలకు పచ్చికంతా మాడిపోయింది. ఈ కట్టలు తప్ప ఎక్కడా పూచికపుల్ల లేదు."

అది నిజమే. ఇంట్లో మగదిక్కు పోయాక ఆ ఇద్దరాడవాళ్లూ మేకపాల మీదే బతుకుతున్నారు. చూడి మేక ఈనితేనే ముందు ముందు పాలు.

అప్పుడే గేటు దగ్గర ఎవరో దగ్గారు. గడ్డం మాసిన మనిషి. భుజాన గోనెసంచి.

"అమ్మా, గడ్డి దులిపే పనుంటే ఇవ్వండమ్మా. కట్ట విప్పి, దులిపి వెయ్యాలి ఇది. లోపల చెమ్మ..."

"మా గడ్డి సంగతి నీకెలా తెలుసు?"

"మా ఇంట్లో కూడా..."

"ఆపు నాయనా," అంది అత్త. "అడుక్కునేవాళ్లందరికీ ఓ ఇల్లుంటుంది, దానికో కథుంటుంది. పద పద."

అతను సంచి భుజం మార్చుకున్నాడు. లోపల ఏదో గలగలమంది.

"ఎవరింటి గిన్నెలు ఎత్తుకొచ్చాడో పాపం," అంది కోడలు.

అత్తా కోడలూ నవ్వుకున్నారు. వాళ్లిద్దరూ కలిసి నవ్వి చాలా కాలమైంది.

ఆ రోజే అత్త వైద్యం మొదలుపెట్టింది. నీళ్ల తొట్టి కడిగించింది. నీళ్లలో ఉప్పు వేయించింది. కింద పడ్డ గడ్డి మేక ముట్టదని గోడకు చెక్క ఊచలు కొట్టించి, గడ్డిని మేక తల ఎత్తున పెట్టించింది.

మేకలు తినడం మొదలుపెట్టాయి.

"చూశావా నా చెయ్యి?" అంది అత్త.

రోజూ తెల్లారేసరికి గడ్డికొట్టు గుమ్మం దగ్గర విడిగడ్డి పోగుపడి ఉంటోంది. దాన్నే ఊచల్లో పెడుతున్నారు. అత్తయ్య విప్పి పెడుతోందని కోడలు అనుకుంది. కోడలే విప్పుతోందని అత్త అనుకుంది. ఒకరినొకరు మెచ్చుకునే అలవాటు ఆ ఇంట్లో లేదు. అందుకని ఇద్దరూ అడగలేదు.

ఒకరోజు కోడలు పెందలాడే లేచి కొట్టు తలుపు తీసింది.

"అత్తయ్యా! గోనెసంచి మనిషి! మన గడ్డి మీదే పడుకున్నాడు!"

అత్త చీపురు పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

"ఓరి నీ నిద్ర తగలెయ్య! మనిషి పడుకున్న గడ్డి మేక ముడుతుందా? మొదట్లో అవి తిననిది ఇందుకన్నమాట."

"ఇతను వచ్చింది ఆ తర్వాత కదత్తయ్యా?"

"గేటు దగ్గరకొచ్చింది తర్వాత. కొట్టులో దూరింది ముందే అయ్యుంటుంది. లేకపోతే మన గడ్డి సంగతి ఇతనికెలా తెలుస్తుందే?"

కోడలికి అది సబబుగానే తోచింది.

"ఒక్క మాటమ్మా," అన్నాడతను లేచి నిలబడి. "నేను పోతాను. గడ్డి దులపకుండా మాత్రం..."

"మాటలొద్దు. సంచి అక్కడ పెట్టి నడు."

అతను సంచి దింపాడు. చూడి మేక వైపు ఒకసారి చూశాడు. వెళ్లిపోయాడు.

కోడలు సంచి మూతి విప్పింది. నిండా గడ్డి.

"దొంగ సచ్చినోడు," అని దాన్ని మూలకు విసిరేసింది.

మర్నాటి నుంచి మళ్లీ కట్టలే తెచ్చి ఊచల్లో పెట్టింది. మేకలు వాసన చూసి మళ్లీ మూతులు తిప్పుకున్నాయి.

"అతని వాసన పట్టేసింది," అంది అత్త. "ఇంకేమీ పెట్టకు. ఆకలేస్తే అవే తింటాయి."

ఆకలేసింది. తిన్నాయి.

చూడి మేక నెలలు నిండకుండానే ఈనింది. పిల్లలు కళ్లు తెరవలేదు. తల్లి మెడ ఒక పక్కకు వాల్చి, ఉన్నచోటే గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయింది. ఒకదాని వెనక ఒకటి మిగతావీ అలాగే పోయాయి.

"అతని ఉసురే," అంది అత్త. "అతను పడుకున్న గడ్డి తగలబెట్టు."

కోడలు ఆ పడకలో చెయ్యి పెట్టింది. గడ్డి ఉండలుగా వచ్చింది. నల్లగా కుళ్లింది. తెల్లటి బూజు పొగలా లేచి దగ్గు తెప్పించింది.

ఒక కట్ట తాడు కోసింది. పైన పసుపుపచ్చగా ఉంది. లోపల అదే నలుపు. అదే బూజు.

అతను మంచి గడ్డి గుమ్మం దగ్గర పోసి, చెడ్డ గడ్డి మీద పడుకున్నాడు.

కోడలు మూలనున్న సంచి తెచ్చి బోర్లించింది. ఎండి ఘుమఘుమలాడే గడ్డి రాలింది, ఒక్క నల్లపోచ లేకుండా ఏరి పెట్టినది. అడుగు నుంచి గలగలమంటూ గంటలు పడ్డాయి. మేకల మెడగంటలు, పట్టీలతో సహా.

వీధిలో లారీ ఆగింది.

"కొత్త గడ్డి వచ్చిందమ్మా, దించమంటారా?" అంటూ గడ్డి లారీవాడు లోపలికి వచ్చాడు.

అతను ఖాళీ దొడ్డి చూశాడు. నేల మీది గంటలు చూశాడు.

"అయితే ఆయన ఇక్కడికి చేరాడన్నమాట," అన్నాడు మెల్లగా.

"ఎవరాయన?" అంది అత్త.

"మీకు దించిన లోడులోనే మొదటి సగం ఆయనింట్లో దించానమ్మా. మేకల మందంతా చచ్చిపోయాక, ఆ గంటలు సంచిలో వేసుకుని, 'మిగతా సగం ఎవరికి దించావో చెప్పు, వాళ్ల మేకలన్నా మిగలాలి' అని నన్నడిగి నడుచుకుంటూ బయల్దేరాడు."